చిన్న కొమ్మున్న అక్షరం: గారీ లెడ్యార్డ్‌ను తలుచుకుంటూ

(కొరియన్ లిపి పండగ అయిన హంగుల్ దినం సందర్భంగా పెనుకొండలో, కొరియన్ నేర్చుకుంటున్న యువతీయువకుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. సెలవు రోజు ఇల్లు వదిలి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి. చాపలు వేశాం.

నేను ఈ రోజు ఒక పెద్దాయన గురించి మాట్లాడదామని వచ్చాను. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఒక ఉత్తరం రాయాలని చాలాకాలం అనుకున్నాను. రాద్దాం, ఇంకొంచెం చదివాక రాద్దాం అనుకుంటుండగానే 2021 అక్టోబరులో ఆయన పోయారు. పేరు గారీ లెడ్యార్డ్. అమెరికన్. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో 1964 నుంచి 2000 దాకా కొరియా చరిత్ర, సాహిత్యం చెప్పారు. పాతకాలపు కొరియా రాజు సెజోంగ్ పేరు మీద అక్కడ ఒక ప్రొఫెసర్ పదవి ఉంది, ఆ పదవిలో ఉండి రిటైరయ్యారు. సెజోంగ్ ఎవరో మీకు చెప్పక్కర్లేదు. మనం ఇక్కడ వారం వారం దిద్దుతున్న అక్షరాలు ఆయన చేసినవే. కొరియాలో ఆ అక్షరాల పండగ అక్టోబరు 9న. లెడ్యార్డ్ పోయింది కూడా అదే నెలలో కాబట్టి, నా మనసులో ఆ రెండూ కలిసిపోయాయి.

పెనుకొండలో నిలబడి ఈయన గురించి ఎందుకు చెప్తున్నానో ముందు చెప్పాలి. 2019లో ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ మొదలైనప్పటి నుంచి మన హైవే పక్కన కొరియన్ అక్షరాల బోర్డులు వచ్చాయి. వాటిని మన పిల్లలు కూడబలుక్కుని చదువుతున్నారు. చదవడం వచ్చిన నెలలోపే ఒక ప్రశ్న వస్తుంది. ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. "సార్, వీళ్ళ అక్షరాలకీ మన అక్షరాలకీ చుట్టరికం ఉందా?" అని. అడగడం సహజమే. వాళ్ళు నాన్నని అప్పా అంటారు, అమ్మని ఓమ్మా అంటారు. వాట్సాప్‌లో ఎవరో ఒకరు ఒక పెద్ద మెసేజ్ పంపుతారు, కొరియా వాళ్ళంతా మనవాళ్ళే అని. రెండు వేల ఏళ్ళ కిందట ఇక్కడి నుంచి పడవెక్కి వెళ్ళి కొరియా రాజుని పెళ్ళి చేసుకున్న రాకుమారి కథ కూడా అందులో ఉంటుంది. ఆ కథ 13వ శతాబ్దంలో ఒక బౌద్ధ భిక్షువు రాసిన పుస్తకంలో ఉన్న మాట నిజం. కానీ పుస్తకంలో కథ ఉండటం వేరు, అది చరిత్ర అవడం వేరు.

నేనూ ఆ ఉత్సాహంలో తప్పు చేశాను. దుబాసీగా పనిచేయడం మొదలుపెట్టిన కొత్తల్లో, ఒక కొరియన్ ఇంజినీరుతో భోజనం చేస్తూ, "మీ లిపి మా బ్రాహ్మి నుంచే వచ్చిందండీ" అన్నాను. బ్రాహ్మి అంటే అశోకుడి శాసనాల్లోని పాత లిపి. ఎక్కడో రెండు పేరాలు చదివి అన్నమాట అది. ఆయన నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, చాలా మర్యాదస్తుడు. ఏమీ అనలేదు. చాప్‌స్టిక్స్ కింద పెట్టి, కాసేపాగి, వేరే విషయం మాట్లాడారు. ఆ మౌనం నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను పొగిడాననుకున్నాను. ఆయనకి మాత్రం నేను ఆయన చేతిలోంచి ఏదో లాక్కున్నట్టు అనిపించింది. ఆ తర్వాతే, నేను చదివిన రెండు పేరాల వెనక అసలు పుస్తకం ఏమిటో వెతికాను. అలా లెడ్యార్డ్ దొరికారు.

ఆయన 1932లో పుట్టారు. కొరియాతో ఏ సంబంధమూ లేని కుటుంబం. కాలేజీ చదువు సరిగ్గా సాగలేదు, 1953లో సైన్యంలో చేరారు. కొరియా యుద్ధం ఆగిన సంవత్సరం అది. సైన్యం వాళ్ళు ఆయనకి రష్యన్ నేర్పిద్దామనుకున్నారు. ఆ క్లాసులు మొదలయ్యేలోపు కొరియన్‌లో సీట్లు ఖాళీ అయ్యాయి, అందులో వేసేశారు. కాలిఫోర్నియాలో మాంటెరీ అనే ఊళ్ళో సైనికుల భాషా పాఠశాల ఉంది, అక్కడ నేర్చుకున్నారు. తర్వాత టోక్యో, కొన్ని నెలలు సోల్. యుద్ధంలో కూలిపోయిన సోల్ అది. మనుషులు ఇటుకలు ఏరుకుని ఇళ్ళు కట్టుకుంటున్న రోజులు. ఆ నగరాన్ని చూసి వెళ్ళిన సైనికులు లక్షల్లో ఉన్నారు. ఈయన మాత్రం తిరిగి వెళ్ళి, బర్క్‌లీలో చేరి, కొరియన్‌కి వేరే డిపార్ట్‌మెంట్ లేకపోతే చైనా భాషా సాహిత్యాలు చదివి, ఆ దారిలోనే కొరియా దగ్గరికి వచ్చారు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మందికి కొరియన్ ఉద్యోగం కోసం వచ్చింది, ప్రేమ కోసం కాదు. అందులో తక్కువతనం ఏమీ లేదు. ఆయనకీ అలాగే వచ్చింది.

1966లో ఆయన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించారు. విషయం, 1446లో సెజోంగ్ తెచ్చిన భాషా సంస్కరణ. అది అచ్చయి పుస్తకంగా రావడానికి 32 ఏళ్ళు పట్టింది. 1998లో, కొరియా ప్రభుత్వ భాషా సంస్థ తరఫున, కొరియాలోనే వచ్చింది. మధ్యలో ఉన్న ఆ ఏళ్ళలో దాని టైపు కాపీలే చేతులు మారుతూ తిరిగాయి. ఇక్కడ కాసేపు ఆగుతాను. ఆయన ఏం చెప్పారో అర్థం కావాలంటే ఆ అక్షరాల కథ కొంచెం తెలియాలి.

1443 చివర్లో సెజోంగ్ 28 అక్షరాలు చేశాడని రాజుగారి దినచర్యల గ్రంథం చెప్తుంది. మూడేళ్ళ తర్వాత, 1446లో, వాటిని వివరించే పుస్తకంతో ప్రజల ముందు పెట్టాడు. ముందుమాటలో రాజు చెప్పింది మీకు కంఠతా వచ్చు: మన మాట చైనా మాట లాంటిది కాదు, ఆ రాతలో ఇమడదు, చదువులేని జనం చెప్పుకోవాలనుకున్నది చెప్పుకోలేకపోతున్నారు, నాకు జాలి కలిగి ఇవి చేశాను, అందరూ తేలిగ్గా నేర్చుకుని రోజూ వాడుకోండి అని. పండితుడు చొంగ్ ఇన్‌జి వెనకమాటలో ఇంకో మాట కలిపాడు, తెలివైనవాడు ఒక పూటలో నేర్చుకుంటాడు, మందబుద్ధికైనా పది రోజులు చాలు అని.

కానీ అందరూ సంతోషించలేదు. 1444లోనే చొయ్ మల్లి అనే పెద్ద అధికారి, మరికొందరితో కలిసి, వద్దని విన్నపం పెట్టాడు. సొంత లిపులు ఎవరికి ఉన్నాయి? మంగోలులకి, జూర్చెన్లకి, జపాన్ వాళ్ళకి, టిబెటన్లకి. వాళ్ళంతా అనాగరికులు. మనం చైనా నాగరికతలో ఉండి వాళ్ళ సరసన చేరడమా, అని. రాజుకి కోపం వచ్చింది. ధ్వనులకు సంబంధించిన గ్రంథాలు మీరు చదివారా, నేను సరిచెయ్యకపోతే ఎవరు సరిచేస్తారు, అని అడిగాడు.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ దినచర్యల గ్రంథంలోనే ఒక చిన్న వాక్యం ఉంది. ఈ అక్షరాల రూపాలు "పాత ముద్రాలిపి"ని అనుసరించాయి అని. పాత ముద్రాలిపి అంటే చైనాలో రాజముద్రల మీద చెక్కే పురాతన లిపి. కానీ హంగుల్‌ని దాని పక్కన పెట్టి చూస్తే పోలిక ఎక్కడా కుదరదు. 1446 నాటి వివరణ గ్రంథం చాలాకాలం ఎవరికీ కనబడలేదు. ఈలోగా కొందరు కిటికీ చట్రాలు చూసి రాజు అక్షరాలు చేశాడని కూడా అన్నారు. 1940లో, జపాన్ పాలనలో కొరియన్ భాషనే నొక్కేస్తున్న రోజుల్లో, ఆ గ్రంథం ఆండోంగ్ ప్రాంతంలో బయటపడింది. చొన్ హ్యోంగ్‌పిల్ అనే సంపన్నుడు, కళాఖండాలు సేకరించేవాడు, దాన్ని కొని, జపాన్ వాళ్ళు వెళ్ళిపోయేదాకా దాచి కాపాడాడు. అందులో ఉంది అసలు వివరణ. గ (ㄱ) అక్షరం, నాలుక మొదలు పైకి లేచి గొంతుని మూసే ఆకారం. న (ㄴ) అక్షరం, నాలుక కొస పైకి తగిలే ఆకారం. మ అక్షరం నోరు. స అక్షరం పన్ను. గుండ్రటిది గొంతు. ధ్వని గట్టిపడితే ఒక గీత కలుపు. పుట్టినప్పుడే ఇలాంటి వివరణ రాసి ఉన్న లిపులు ప్రపంచంలో చాలా అరుదు.

మరి ఆ "పాత ముద్రాలిపి" సంగతి? చాలామంది ఆ వాక్యాన్ని పక్కన పెట్టి ముందుకెళ్ళారు. లెడ్యార్డ్ వదల్లేదు. ఆయన చూసింది ఇది. మంగోలుల చక్రవర్తి కుబ్లై ఖాన్ కోసం 1269లో ఒక టిబెటన్ లామా చేసిన లిపి ఉంది, ఆయన పేరు మీదే దాన్ని ఫగ్స్‌పా లిపి అంటారు. దానికి చైనాలో ఉన్న మరో పేరు "మంగోలు ముద్రాలిపి". చైనా అక్షరాల్లో మంగోలు అనే మాటని రెండు అక్షరాలుగా రాస్తారు. మొదటిది తీసేస్తే మిగిలిన రెండో అక్షరానికి అర్థం "పాత". అంటే మంగోలు ముద్రాలిపిలో ముందు అక్షరం రాలిపోతే అది పాత ముద్రాలిపి అయిపోతుంది.

(బోర్డు మీద రాస్తూ) ఒక్క అక్షరం రాలిపోవడం, అంతే. ఎందుకు రాలింది? మంగోలుల్ని తరిమేసి మింగ్ వంశం చైనాని ఏలుతున్న కాలం. కొరియా రాజు మింగ్ చక్రవర్తికి కప్పం కట్టేవాడు. సొంత ఆస్థానంలోనే చొయ్ మల్లి లాంటివాళ్ళు మంగోలుల్లా తయారవుతామా అని అడుగుతున్నారు. అలాంటప్పుడు మంగోలు అన్న మాట కాగితం మీద పెట్టరు. ఆ లిపి తెలిసినవాళ్ళు రాజు దగ్గర లేరా అంటే ఉన్నారు. దుబాసీల శాఖలో మంగోలు భాష పాఠంగానే చెప్పేవారు.

లెడ్యార్డ్ లెక్కలో ఐదు అక్షరాలు ఫగ్స్‌పా రూపాల్ని సరళం చేసి తీసుకున్నవి: గ, ద, బ, జ, ల. మిగతా హల్లుల్లో చాలావరకు వీటికి గీత కలిపో తీసేసో వచ్చాయి. ఇప్పుడు ద (ㄷ) అక్షరం చూడండి. మనం ఎలా రాస్తాం? న అక్షరం నెత్తిన ఒక అడ్డగీత. అంతే అయితే ఆ అడ్డగీత నిలువుగీత దగ్గర ఆగిపోవాలి. కానీ 1446 నాటి పుస్తకంలో ఆ పై గీత ఎడమవైపు కొంచెం బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది. ఇదిగో, ఇంత చిన్న కొమ్ము. గీత కలపడమనే సూత్రానికి దీని అవసరం లేదు. ఫగ్స్‌పాలోని ద అక్షరం నుంచి వచ్చిందనుకుంటే మాత్రం ఆ కొమ్ముకి కారణం దొరుకుతుంది. అంత చిన్నదాని దగ్గర ఆగి, ఇది ఇక్కడ ఎందుకుంది అని అడిగిన మనిషి ఆయన. నాకు ఆయన మీద గౌరవం పుట్టింది ఆ కొమ్ము దగ్గరే.

ఈ వాదనని కొరియాలో చాలామంది పండితులు ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి, అవీ చదవాలి మీరు. నేను మీకు చెప్పాలనుకున్నది వేరే ఉంది. ఆ గ్రంథంలో లెడ్యార్డ్ ఒక భయం బయటపెట్టారు. రేపెవరో లిపుల చరిత్ర రాస్తూ, ఇటీవలి పరిశోధనల ప్రకారం కొరియన్ లిపి మంగోలుల ఫగ్స్‌పా నుంచి పుట్టింది అని ఒక వాక్యం రాస్తారేమో, నా పరిశోధన వల్ల అలాంటి మాట పుడితే దానికంటే నన్ను బాధపెట్టేది ఉండదు, అన్నారు. ఈ లిపిని ప్రపంచంలో ఇంత విశేషమైనదిగా నిలబెట్టిన గుణాల్లో ఒక్కటి కూడా ఫగ్స్‌పా ఇచ్చింది కాదు, అని కూడా అన్నారు.

ఇది చదివినప్పుడు నాకు భోజనాల బల్ల దగ్గర ఆ ఇంజినీరుగారి మౌనం గుర్తొచ్చింది. ఏ మాట రాకూడదని లెడ్యార్డ్ భయపడ్డారో, నేను సరిగ్గా ఆ మాటే అన్నాను. ఇంకో మెట్టు పైకెక్కి మరీ అన్నాను.

నిజానికి బ్రాహ్మి నుంచి ఫగ్స్‌పా దాకా ఒక గొలుసు ఉంది, అది అబద్ధం కాదు. గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఎర్రగుడి ఉంది. అశోకుడి శాసనాలున్న బండలు. మీలో ఎంతమంది చూశారు? ముగ్గురు. మిగతావాళ్ళు వెళ్ళి చూడండి, రెండు గంటల ప్రయాణం. ఆ బ్రాహ్మిలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకీ నడుస్తాయి. ఆ బ్రాహ్మి దక్షిణాన మారుతూ మారుతూ మన తెలుగు అక్షరాలయింది. ఉత్తరాన మారుతూ టిబెట్ చేరింది. టిబెటన్ లిపి నుంచి ఫగ్స్‌పా. లెడ్యార్డ్ మాట నిజమైతే, అక్కడి నుంచి ఐదు హల్లుల రూపాలు సెజోంగ్ చేతికి. కాబట్టి మీరు అడిగే చుట్టరికం ఉంటే అది అంత దూరపు చుట్టరికం. ఐదు అక్షరాల్లో, గీతలు సగం అరిగిపోయాక మిగిలిన పోలిక.

నాకు అంతకంటే విలువైనది ఇంకోటి కనిపిస్తుంది. క వర్గం, చ వర్గం, ట, త, ప అని మనం చిన్నప్పుడు పలక మీద దిద్దాం కదా. కంఠం నుంచి పెదవుల దాకా వరసగా, ధ్వని ఎక్కడ పుడితే అక్కడ. ధ్వనుల్ని నోట్లో పుట్టేచోటుని బట్టి విడదీసే ఈ ఆలోచన బౌద్ధులతో చైనాకి వెళ్ళింది, అక్కడి ధ్వనిశాస్త్రాన్ని మలిచింది. రాజు చదివిన గ్రంథాలు ఆ శాస్త్రానివే. కానీ చూడండి, ఆ ఆలోచన వెయ్యేళ్ళు మన దగ్గర ఉన్నా, అక్షరాన్ని నాలుక ఆకారంలో గీద్దామని మనకి తట్టలేదు. చైనా వాళ్ళకి తట్టలేదు. టిబెట్ లామాకీ తట్టలేదు. మన క లో అకారం దాగి ఉంటుంది, దాన్ని పోగొట్టాలంటే పొల్లు పెట్టాలి. సెజోంగ్ అచ్చుని హల్లు నుంచి పూర్తిగా విడదీసి, దానికి విడిగా బొమ్మ ఇచ్చి, మళ్ళీ రెండింటినీ ఒక గడిలో కూర్చోబెట్టాడు. గుణింతం, ఒత్తు అలవాటున్న మన పిల్లలు ఆ గడిని త్వరగా పట్టుకుంటారు, ఇంగ్లీషు అలవాటు మాత్రమే ఉన్నవాళ్ళకంటే. అది నేను క్లాసులో రోజూ చూస్తున్నాను. మనం పలక మీద దిద్ది మళ్ళీ ఎప్పుడూ రాయని ఙ వాళ్ళ మాటల్లో రోజూ పలుకుతుంది. ఇలాంటివి చెప్పుకుని సంతోషపడదాం. మాది అని మాత్రం అనొద్దు.

ఆయన చేసిన మిగతా పని కూడా కొంచెం చెప్తాను. 1653లో ఒక డచ్ ఓడ జెజు దీవి దగ్గర పగిలిపోయింది. 64 మందిలో 36 మంది బతికారు. కొరియా వాళ్ళు వాళ్ళని దేశం దాటనివ్వలేదు. 13 ఏళ్ళ తర్వాత ఎనిమిది మంది చిన్న పడవలో తప్పించుకుని నాగసాకి చేరారు. వాళ్ళలో హెండ్రిక్ హామెల్ అనే గుమాస్తా రాసిన నివేదికే యూరప్‌కి కొరియా లోపలి నుంచి అందిన మొదటి వృత్తాంతం. మన మచిలీపట్నంలో కోఠీ పెట్టుకుని అద్దకం బట్టలు కొన్న డచ్ ఈస్టిండియా కంపెనీయే ఈ ఓడకీ యజమాని. లెడ్యార్డ్ దీని మీద 1971లో పుస్తకం తెచ్చారు, హామెల్ మాటల్ని కొరియా వాళ్ళ రాతల పక్కన పెట్టి చదివారు. ఒక బందీ కథని బందీ వైపు నుంచే కాకుండా, ఆ వింత మనుషుల్ని ఏం చెయ్యాలో తెలియక తికమకపడ్డ ఊళ్ళ వైపు నుంచి కూడా చూశారు.

1402 నాటి కొరియా ప్రపంచపటం మీద కూడా రాశారు. అందులో ఆఫ్రికా ఉంది, అరేబియా ఉంది, కొరియా ఉన్నదానికంటే చాలా పెద్దగా ఉంది. మన దేశం మాత్రం చైనాలో కలిసిపోయి, ద్వీపకల్పం ఆకారమే కనబడదు. జపాన్ తొలి రాజులు కొరియా వైపు నుంచి వచ్చిన గుర్రపు రౌతులా అనే వివాదంలోకి 1975లో దిగారు. అవునన్న ఆయన వాదన నిలబడలేదనే నా అభిప్రాయం, తవ్వకాల్లో దొరికినవాటితో అది పొసగలేదని పురాతత్వవేత్తలు చూపించారు. ఆయన రాసినవన్నీ సరైనవని చెప్పడానికి నేను రాలేదు.

నాకు చాలా ఇష్టమైనది ఆయన హోంగ్ డేయోంగ్ మీద రాసిన వ్యాసం. 1765లో రాయబారులతో కలిసి బీజింగ్ వెళ్ళిన కొరియన్ పండితుడు ఈయన. అక్కడ హాంగ్‌జౌ నుంచి పరీక్షలకొచ్చిన చైనా పండితులతో స్నేహం కుదిరింది. నోటి మాటతో సంభాషణ పెద్దగా సాగేది కాదు. ఎదురెదురుగా కూర్చుని, కుంచెతో కాగితం మీద చైనా అక్షరాలు రాసుకుంటూ రోజంతా మాట్లాడుకునేవారు. విడిపోయాక సరిహద్దు దాటి ఉత్తరాలు రాసుకున్నారు. హోంగ్ ఇంటికొచ్చి ఈ ప్రయాణాన్ని హంగుల్‌లో కూడా రాశాడు, చైనా అక్షరాలు రానివాళ్ళూ చదువుకునేలా. ఆ వ్యాసం చదివిన రాత్రే ఉత్తరం రాద్దామని కాగితం ముందు పెట్టుకున్నాను. ఇంగ్లీషులో రాయాలా, కొరియన్‌లో రాయాలా అని తేల్చుకోలేక పడుకున్నాను.

ఆ ఇంజినీరుగారు కొరియా తిరిగి వెళ్ళేముందు మాత్రం ఆయన్ని కలిశాను. ఆ రోజు అన్నమాట తప్పని చెప్పాను, లెడ్యార్డ్ రాసిన ఆ భయం గురించి చెప్పాను. ఆయన ఒక కాగితం తీసుకుని, ద అక్షరం రాసి, ఆ కొమ్ము ఎక్కడుందో చూపించమన్నారు. చూపించాను. చాలాసేపు చూసి, "ఇన్నేళ్ళుగా రాస్తున్నాను, ఎప్పుడూ గమనించలేదు" అన్నారు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

బోర్డు మీద అక్షరాన్ని అలాగే ఉంచుతున్నాను, చెరపకండి. దగ్గరికొచ్చి చూడండి. 1446 నాటి పుస్తకంలోని పేజీ ఫోటో కూడా తెచ్చాను, బల్ల మీద ఉంది, పక్కన పెట్టి పోల్చుకోండి. తర్వాత ఎవరైనా ఏదైనా అడగాలంటే అడగండి, నేను ఇక్కడే ఉంటాను.